మదీనా, కూఫా, డమాస్కస్, ఫుస్తాత్, బాగ్దాద్: తొలి ఇస్లామీయ చరిత్రలోకి ఏ నగరం గుండా వెళ్ళాలి?

తేదీకి మనం వాడే "తారీఖు" అన్న మాటే అరబ్బీలో చరిత్రకు కూడా పేరు. ఆ తారీఖును ఎక్కడ మొదలుపెట్టాలన్నది తొలి ఇస్లామీయ సమాజాల గురించి చదవాలనుకునే తెలుగు పాఠకునికి మొదటి రోజే ఎదురయ్యే చిక్కు. క్రీ.శ. 622లో ముహమ్మద్ ప్రవక్త మక్కా నుండి మదీనాకు వలస వెళ్ళిన నాటి నుండి, 945లో పారశీక వంశమైన బూయిదులు బాగ్దాద్‌ను వశపరచుకొని ఖలీఫాను పేరుకు మాత్రమే ప్రభువుగా మిగిల్చిన నాటి వరకు లెక్కిస్తే, మూడు శతాబ్దాలకు పైబడిన కాలమది. ఇంత కాలాన్ని ఖలీఫాల వరుసగా చదువుకుంటూ పోతే పేర్లు, యుద్ధాలు తప్ప మనసులో మరేమీ నిలవవు. అందుకు బదులు ఒక నగరాన్ని ఎంచుకొని, దాని వీధులూ పన్నులూ తగాదాలూ తెలుసుకుంటూ, అక్కడి నుండి మిగతా రాజ్యాన్ని చూడటం మేలైన పద్ధతి. అందుకు తగిన నగరాలు నా లెక్కలో ఐదు. అందచందాల్లో దేనికీ తీసిపోని, స్పెయిన్‌లోని కార్డోబాను ఈ పోలికలో చేర్చలేదు. దాని వైభవం ప్రధానంగా 10వ శతాబ్దానిది, మన ప్రశ్న అంతకు ముందుది.

సాధారణంగా ఎవరైనా ఎంచుకునేవి రెండే. భక్తితోనో, "మొదటి నుండి చదవాలి" అన్న పట్టుదలతోనో కొందరు మదీనాతో మొదలుపెడతారు. బాగ్దాద్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ పేరు విన్నవారు, గణితం, ఖగోళం మీద ఆసక్తి ఉన్నవారు బాగ్దాద్ వైపు నడుస్తారు. ఈ రెండు దారులనూ తప్పనను గాని, కొత్తవారికి రెండూ కష్టమైనవేనని నా అభిప్రాయం. నగరాన్ని దాని ప్రఖ్యాతిని బట్టి కాక, అది మనకు మిగిల్చిన సాక్ష్యాన్ని బట్టి ఎంచుకోవాలి. సంఘటన జరిగిన నాడే చెక్కిన రాయి ఒక రకం సాక్షి, ఆ నాడే రాసిన రసీదు ఇంకొక రకం, నూరేళ్ళ తరువాత మనుమలు చెప్పగా గ్రంథస్థమైన కథనం వేరొక రకం. వీటిని కలగాపులగం చేసుకోవడం వల్లనే ఈ చరిత్ర మీద అనవసరమైన నమ్మకాలూ, అంతే అనవసరమైన అనుమానాలూ పుట్టుకొస్తాయి.

మదీనా విషయమే తీసుకుందాం. పదేళ్ళలో అక్కడ జరిగింది సామాన్యమైన మార్పు కాదు. ఔస్, ఖజ్రజ్ అనే రెండు అరబ్బు తెగలు తమలో తాము పోరాడుకుంటూ, ఖైనుఖా, నదీర్, ఖురైజా అనే యూదు తెగలతో కలిసి బతుకుతున్న యస్రిబ్ (మదీనా పాత పేరు) అనే ఖర్జూరపు తోటల ఊరు, వలసవచ్చిన ముహాజిర్లనూ ఆశ్రయమిచ్చిన అన్సార్లనూ కలిపిన కొత్త సమాజానికి కేంద్రమైంది. 624లో బద్ర్, 625లో ఉహుద్, 627లో కందకపు యుద్ధం, 628లో హుదైబియా ఒప్పందం, 630లో మక్కా ప్రవేశం, 632లో ప్రవక్త మరణం: ఈ వరుస చాలామందికి తెలిసినదే. ఆ తరువాత వరుసగా ఖలీఫాలైన అబూబకర్, ఉమర్, ఉస్మాన్‌ల కాలంలో అరేబియా దాటి సిరియా, ఇరాక్, ఈజిప్టు, ఇరాన్ దాకా విస్తరించిన రాజ్యానికి మదీనాయే రాజధాని. యోధులకు, వారి కుటుంబాలకు ఏటా చెల్లించవలసిన భత్యాన్ని, ఇస్లాంలోకి ఎవరు ఎంత ముందుగా వచ్చారన్న క్రమంలో పట్టికలుగా రాయించిన ఏర్పాటుకు "దీవాన్" అని పేరు. ఉమర్ కాలపు ఆ చిట్టా పేరే ఎన్నో చేతులు మారి మన దివాన్లకూ, దివాణాలకూ వచ్చింది.

అయితే ఈ కథనంలో ఎక్కువ భాగం మనకు చేరిన దారి చూడండి. ప్రవక్త జీవితాన్ని విస్తారంగా కూర్చిన ఇబ్న్ ఇస్‌హాఖ్ 767 ప్రాంతంలో మరణించాడు. ఆయన రచన కూడా నేరుగా కాక, 833 ప్రాంతంలో మరణించిన ఇబ్న్ హిషామ్ సంస్కరించిన రూపంలో మనకు ప్రధానంగా దక్కింది. అంటే సంఘటనకూ గ్రంథానికీ నడుమ నూరేళ్ళకు పైగా ఉంది. ఈ ఎడాన్ని ముస్లిం పండితులు ఎరుగనివారు కారు. "ఫలానా వారు నాకు చెప్పారు, వారికి ఫలానా వారు చెప్పారు" అని కథకుల గొలుసును ప్రతి వాక్యానికీ ముందు తగిలించే ఇస్నాద్ పద్ధతి, ఆ గొలుసులోని ప్రతి మనిషీ నమ్మదగినవాడా కాదా అని తేల్చే జీవితచరిత్ర కోశాలు పుట్టింది అందుకే. (ఆ కోశాలలో కొన్నిటిని అచ్చువేసి లోకానికి అందించినది 1888లో హైదరాబాద్‌లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ అన్న సంగతి మన ఊళ్ళలోనే చాలామందికి తెలియదు.) ఖురాన్‌ను, మదీనా ఒడంబడికగా పేరుపడిన పత్రాన్ని చాలామంది పరిశోధకులు ఆ కాలానికి చెందినవిగానే అంగీకరిస్తారు, కాని ఖురాన్ సంఘటనలను సూచిస్తుందే తప్ప కథగా చెప్పదు. అందుచేత మదీనాను అర్థం చేసుకోవాలంటే గొలుసులను తూచడం, ఒకే సంఘటనకు గల నాలుగు పాఠాలను పక్కపక్కన పెట్టుకోవడం అలవాటు కావాలి. అది మొదటి నెలలో పట్టుబడే విద్య కాదు. మదీనాను చివరికి ఉంచుకొమ్మని నేను చెప్పడం దాని ప్రాధాన్యం తక్కువ కాబట్టి కాదు, ఎక్కువ కాబట్టి.

బాగ్దాద్ చిక్కు దీనికి తలకిందులు. అక్కడ సాక్ష్యం తక్కువ కాదు, ఎక్కువ. 762లో ఖలీఫా మన్సూర్ టైగ్రిస్ ఒడ్డున, కూఫా, బస్రా, ఖురాసాన్, షామ్ (సిరియా) అనే నాలుగు ద్వారాలతో గుండ్రంగా కట్టించి "శాంతి నగరం" అని పేరుపెట్టిన ఆ పట్టణంలో, 8వ శతాబ్దం చివరి నుండి కాగితం వాడుక పెరిగి, పుస్తకం రాసేవారూ నకలు తీసేవారూ అమ్మేవారూ ఒక వృత్తివర్గంగా తయారయ్యారు. సంస్కృత ఖగోళ గ్రంథమొకటి 770ల్లో మన్సూర్ కొలువుకు చేరి, "సిద్ధాంత" అన్న మాట అరబ్బు నోళ్ళలో "సింద్‌హింద్" అయింది. హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ అనే క్రైస్తవ వైద్యుడు గ్రీకు వైద్య గ్రంథాలను సిరియాక్, అరబ్బీ భాషల్లోకి తెచ్చాడు. మనం అంకెలతో లెక్కవేసే పద్ధతి గురించి రాసిన ఖ్వారిజ్మీ పేరే అల్గారిథమ్ అన్న మాటకు మూలం. ఇదంతా నిజమే. కాని "విజ్ఞాన గృహం" గురించి నేడు ప్రచారంలో ఉన్న విశ్వవిద్యాలయం వంటి చిత్రానికి ఆనాటి ఆధారాలు చాలా పలుచన అనీ, అది ప్రధానంగా ఒక రాజ గ్రంథాలయమై ఉండవచ్చుననీ నేటి పరిశోధకులు పలువురు అంటున్నారు. మన్సూర్ కట్టించిన గుండ్రటి నగరంలో నేల మీద ఈనాడు చూడటానికి ఏమీ మిగలలేదు; పుస్తకాలలోని కొలతల నుండే దాని పటం గీసుకోవాలి.

అంతకంటే పెద్ద జాగ్రత్త మరొకటి ఉంది. 661 నుండి డమాస్కస్ రాజధానిగా ఏలిన ఉమయ్యదులను 750లో కూలదోసి గద్దెనెక్కినవారు అబ్బాసీలు. వారి పాలనలో, ఎక్కువగా బాగ్దాద్‌లో రాసిన గ్రంథాల నుండే మనం అంతకు ముందరి చరిత్రను చదువుతున్నాం. 892 ప్రాంతంలో మరణించిన బలాదురీ, 923లో మరణించిన తబరీ ఇద్దరూ బాగ్దాద్‌లో బతికి రాసినవారే. ఓడినవారి కథను గెలిచినవారి ఊరిలో వింటున్నామన్న ఎరుక లేకుండా బాగ్దాద్‌తో మొదలుపెట్టిన పాఠకునికి, ఉమయ్యదులు తాగుబోతు రాజులుగా, అబ్బాసీలు విద్యాపోషకులుగా స్థిరపడిపోతారు. ఆ విద్యాపోషకుల ఏలుబడిలోనే 803లో బర్మకీ మంత్రి కుటుంబం ఒక్కసారిగా పతనమైంది; 812-813లో అమీన్, మామూన్ అనే అన్నదమ్ముల పోరులో బాగ్దాద్ నెలల తరబడి ముట్టడికి గురైంది; 833లో ఖురాన్ సృష్టించబడినదని ఒప్పుకొమ్మంటూ పండితులను విచారణకు నిలబెట్టారు; 869 నుండి 883 దాకా దక్షిణ ఇరాక్ ఉప్పు నేలల్లో చాకిరీ చేసిన ఆఫ్రికన్ బానిసలు తిరగబడి రాజ్యాన్ని గడగడలాడించారు. స్వర్ణయుగమన్న మాట వాడేముందు ఈ జాబితాను ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక నేను మొదటి స్థానం ఇచ్చేది డమాస్కస్‌కు, అందులోనూ 685 నుండి 705 దాకా పాలించిన ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ ఇరవై ఏళ్ళకు. కారణం సులువైనది: అక్కడ సాక్షులు ఎవరి తరఫునా మాట్లాడరు. ఒక పిడికెడు నాణేలు చాలు, ఆ కాలం కథ తెలుస్తుంది. అరబ్బులు సిరియాను జయించిన తరువాత యాభై ఏళ్ళ వరకు అక్కడ చెలామణి అయినవి రోమను చక్రవర్తి బొమ్మ ఉన్న నాణేలు, వాటి అనుకరణలు. ఇరాక్, ఇరాన్లలో అంతకు ముందరి పారశీక వంశమైన సాసానీల రాజు తలా, అగ్నివేదికా ఉన్న వెండి నాణేలనే కొట్టిస్తూ అంచున "బిస్మిల్లా" అని చేర్చారు. అంటే జయించినవారు ఓడినవారి డబ్బుతోనే సంసారం చేశారు. 690ల్లో కత్తి పట్టి నిలబడిన ఖలీఫా బొమ్మతో కొన్నేళ్ళు ప్రయోగం జరిగింది. ప్రవక్త వలస నుండి లెక్కించే హిజ్రీ శకం 77లో, అంటే 696-697లో, బొమ్మలన్నీ తొలగిపోయి, కేవలం అక్షరాలతో, దేవుడొక్కడేనన్న ప్రకటనతో, సుమారు 4.25 గ్రాముల బంగారు దీనార్ వెలువడింది. రెండేళ్ళకు వెండి దిర్హమ్ కూడా ఆ దారినే పట్టింది. ఒక రాజ్యం తానెవరో తెలుసుకొని ఆ సంగతిని జనం చేతిలో పెట్టడాన్ని ఇంత స్పష్టంగా కళ్ళతో చూడగల చోటు ఈ మూడు శతాబ్దాలలో మరొకటి లేదని నా నమ్మకం.

ఈ నాణేల పక్కనే జెరూసలేంలో అబ్దుల్ మలిక్ కట్టించిన శిలాగోపురాన్ని ఉంచండి. దాని లోపల కమానుల మీదుగా సుమారు 240 మీటర్ల పొడవున మొజాయిక్ అక్షరాలతో సాగే శాసనం, తేదీ ఉన్న ఖురాన్ వాక్యాలలో మనకు దక్కిన అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి. అది ఏసు ప్రవక్తేగాని దేవుని కుమారుడు కాడని చుట్టూ ఉన్న క్రైస్తవ జనానికి నేరుగా చెబుతుంది. అందులో ఒక విచిత్రం కూడా ఉంది. దాదాపు నూట నలభై ఏళ్ళ తరువాత అబ్బాసీ ఖలీఫా మామూన్, ఉమయ్యద్ ఖలీఫా పేరు తీయించి ఆ చోట తన పేరు ఇరికించాడు. తేదీని మార్చడం మాత్రం మరచారు. హిజ్రీ 72 అని పాత అంకె అలాగే ఉండి, దొంగతనాన్ని పట్టిస్తూ ఈనాటికీ నిలిచి ఉంది. గెలిచినవారు చరిత్రను ఎలా దిద్దుతారో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. బాగ్దాద్ గ్రంథాలు తెరవకముందు ఈ శాసనాన్ని చదువుకోవాలనడం అందుకే.

పాలన సంగతి కూడా ఇక్కడే తేటపడుతుంది. అప్పటిదాకా సిరియాలో పన్నుల లెక్కలు గ్రీకులో, ఇరాక్‌లో పహ్లవీలో నడిచేవి. ఆ భాషలు తెలిసిన క్రైస్తవ, పారశీక లేఖకులు లేనిదే ఖజానా కదిలేది కాదు. డమాస్కస్ ఖజానాను చూసిన సర్జూన్ అనే ఉద్యోగి కుటుంబంలో పుట్టినవాడే, తరువాత ప్రసిద్ధ క్రైస్తవ వేదాంతిగా పేరుపొందిన డమాస్కస్ జాన్. 700కు అటూ ఇటూగా లెక్కల భాష అరబ్బీకి మారింది. ఆ మార్పుతో అరబ్బీ నేర్చిన కొత్త గుమాస్తా వర్గం పుట్టింది. తరువాతి అరబ్బీ గద్యానికి తొలి మెరుగు దిద్దినవారూ వారే. అబ్దుల్ మలిక్ కొడుకు వలీద్ కాలంలో, 706 నుండి 715 లోపు, యోహాను పేరిట ఉన్న చర్చి స్థలంలో డమాస్కస్ పెద్ద మసీదు లేచింది. నేటి జోర్డాన్ ఎడారిలో ఖుసైర్ అమ్రా అనే చిన్న స్నానమందిరం గోడల మీద వేట, స్నానం, ఓడిన రాజుల చిత్రాలు ఉన్నాయి; తొలి ఇస్లామీయ సమాజంలో బొమ్మలే లేవనుకునేవారు దాన్ని తప్పక చూడాలి.

డమాస్కస్‌కు ఒక లోపం ఉంది, దాచవలసిన పని లేదు. రాయీ బంగారమూ రాజు గొంతుతోనే మాట్లాడతాయి. రైతు, కూలి, భార్య, బానిస అందులో వినిపించరు. ఆ లోటు తీర్చేది ఫుస్తాత్. ఈజిప్టును జయించిన అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ 641-642లో, నేటి కైరో ప్రాంతంలో ఉన్న బాబిలోన్ కోట పక్కన నెలకొల్పిన సైనిక నగరమది. ఈజిప్టు పొడి నేల పపైరస్‌ను కుళ్ళనివ్వలేదు. హిజ్రీ 22, అంటే 643 నాటి ఒక రసీదు ఇప్పుడు వియన్నాలో ఉంది. సైన్యం ఆహారానికి 65 గొర్రెలు ముట్టినట్లు గ్రీకులోనూ అరబ్బీలోనూ రాసిన పపైరస్ పత్రమది. మహా విజయాల గురించి పుటలకు పుటలు చదివిన తరువాత ఈ 65 గొర్రెల దగ్గరికి వస్తే, సైన్యమంటే ముందుగా ఆకలి అని గుర్తుకొస్తుంది. 709 నుండి 714 దాకా ఈజిప్టు గవర్నరుగా ఉన్న ఖుర్రా ఇబ్న్ షరీక్, ఆఫ్రొదీతో పట్టణ అధికారి బసిలియోస్‌కు రాసిన ఉత్తరాలు దొరికాయి: బాకీ పన్ను పంపమని, పారిపోయిన రైతులను పట్టి తెమ్మని, డమాస్కస్, జెరూసలేం కట్టడాలకు పనివారిని పంపమని. డమాస్కస్ మసీదు మెరుపు వెనుక నైలు ఒడ్డు పల్లెల చెమట ఉందని ఆ ఉత్తరాలే చెబుతాయి. అందుచేత ఫుస్తాత్‌ను విడిగా కాక డమాస్కస్‌తో జంటగా చదవడం సరైనది. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి: ఫుస్తాత్ యూదు ప్రార్థనాలయంలో దొరికిన ప్రసిద్ధ గెనీజా పత్రాలలో అధిక భాగం 10వ శతాబ్దం తరువాతివి, తొలి కాలానికి వాటిని సాక్ష్యంగా పిలవకూడదు.

రాజ్యం కంటే సమాజం మీద ఆసక్తి ఎక్కువగా ఉన్నవారికి మాత్రం నా సలహా మారుతుంది: వారు కూఫాతో మొదలుపెట్టవచ్చు. 638 ప్రాంతంలో యూఫ్రటిస్ పాయ దగ్గర సైనికుల కోసం వెలసిన ఈ ఊరు నడుమ మసీదు, గవర్నరు నివాసం, చుట్టూ తెగల వారీగా వాడలు. ప్రవక్త అల్లుడు, నాలుగవ ఖలీఫా అలీ తన రాజధానిగా ఎంచుకున్నది దీనినే. కాలక్రమాన ఇక్కడికి వచ్చి ఇస్లాంను స్వీకరించిన అరబ్బేతరులు, ముఖ్యంగా పారశీకులు, ఏదో ఒక అరబ్బు తెగకు ఆశ్రితులుగా చేరి "మవాలీలు" అనిపించుకున్నారు. మతంలో సమానులు, భత్యంలో కారు. పన్నులోనూ చాలాసార్లు కారు. 685-687 మధ్య ముఖ్తార్ లేవదీసిన తిరుగుబాటులో మవాలీలకు భత్యంలో వాటా ఇవ్వడమే కూఫా అరబ్బు పెద్దలకు అన్నిటికంటే కంటగింపైంది. తరువాత గవర్నరుగా వచ్చిన హజ్జాజ్, పల్లె విడిచి నగరం చేరిన కొత్త ముస్లింలను, పన్ను పడిపోతుందని వెనక్కి తోలించాడు. సింధు మీదికి ముహమ్మద్ బిన్ ఖాసిమ్‌ను పంపినవాడూ ఈయనే. మతం ఒకటే అయినా హోదా ఒకటి కాని సమాజం ఎలా రగులుతుందో, 749లో అబ్బాసీల మొదటి ఖలీఫా ప్రకటన ఇదే కూఫాలో ఎందుకు జరిగిందో, ఈ నేపథ్యం తెలిస్తే తప్ప అర్థం కాదు. ఆ మవాలీ వంశాలలో నుండే 767లో మరణించిన అబూ హనీఫా వచ్చాడు. తెలుగు నేల మీది ముస్లిం కుటుంబాలలో అధికులు పాటించే హనఫీ ధర్మశాస్త్రానికి కూఫాయే పుట్టిల్లు. పొరుగున ఉన్న బస్రాలో అరబ్బీకి వ్యాకరణం కట్టిన సీబవైహ్ కూడా పారశీకుడే. పరాయి భాషగా నేర్చుకున్నవాడికే నియమాలు కనబడతాయి కాబోలు.

తెలుగు పాఠకునికి కూఫాతో ఇంకొక బంధుత్వం ఉంది. అలీ కొడుకు, ప్రవక్త మనుమడు హుస్సేన్‌ను రమ్మని ఉత్తరాలు రాసినది కూఫా వారే. ముందుగా వచ్చిన ఆయన దాయాది ముస్లిం ఇబ్న్ అఖీల్‌ను గవర్నరు చంపిస్తుంటే చేతులు ముడుచుకున్నదీ వారే. 680లో కర్బలాలో హుస్సేన్ మరణించిన తరువాత ఆ పశ్చాత్తాపం తరతరాలు వెంటాడింది. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ పీర్ల పండుగ నాడు కులమత భేదం లేకుండా అలావా గుండం చుట్టూ ఆడే ఊళ్ళు, పీర్లను ఎత్తుకొని ఏడ్చే ఊళ్ళు, తెలియకుండానే కూఫా చరిత్రలో ఒక కొసను పట్టుకొని ఉన్నాయి. అక్కడి నుండి వెనక్కి నడిచి చూస్తే, పాటల్లో విన్న పేర్ల వెనుక భత్యాల తగాదా, తెగల లెక్క, డమాస్కస్‌తో ఇరాక్‌కు ఉన్న పోటీ కనిపిస్తాయి.

పోటీ పరీక్షలకు చదివేవారికి ఇంత వ్యవధి ఉండదు. వారు డమాస్కస్, బాగ్దాద్ రెండింటినే తీసుకొని, 661, 750, 762 అన్న మూడు సంవత్సరాల చుట్టూ విషయం పేర్చుకుంటే చాలు. కాకపోతే బాగ్దాద్ గ్రంథాల పక్షపాతం గురించి పైన చెప్పినది మరవకూడదు. విశ్వాసంతో ప్రవక్త జీవితం చదవదలచినవారి ఉద్దేశం వేరు. వారు మదీనాతోనే మొదలుపెట్టాలి, నా క్రమం వారికి వర్తించదు. తీరిక ఉన్న మిగతా అందరికీ నేను చెప్పే వరుస ఇది: ఫుస్తాత్ ఉత్తరాలను పక్కన ఉంచుకొని డమాస్కస్, ఆ తరువాత కూఫా, అటుపై ఈ కథలన్నీ రాసిన ఊరిగా బాగ్దాద్, రాతగాళ్ళ తీరు తెలిసిన కళ్ళతో చివరికి మదీనా.

ఏ ఊరితో మొదలుపెట్టినా సంవత్సరాల లెక్క ఒకటి చేతిలో ఉండాలి. ఉమర్ కాలంలో స్థిరపడిన హిజ్రీ శకం చాంద్రమానం. మనలా అధిక మాసం కలపరు గనుక ఏడాదికి సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతుంది. హిజ్రీ అంకెను 0.97తో హెచ్చవేసి 622 కలిపితే క్రీస్తు శకం సుమారుగా వస్తుంది: శిలాగోపురం మీది 72ను అలా లెక్కిస్తే 691-692 దగ్గర ఆగుతాం. అయితే ఒక హిజ్రీ ఏడు సాధారణంగా రెండు క్రీస్తు శక సంవత్సరాల మీద పడుతుంది కాబట్టి నెలను కూడా చూసుకోవాలి. కర్బలా జరిగిన హిజ్రీ 61కి ఈ లెక్క వేస్తే 681 వస్తుంది. ముహర్రం ఏడాదిలో మొదటి నెల గనుక అసలు తారీఖు 680 అక్టోబరులో పడింది.